అమెరికా స్కూల్లో మీ బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ అడగడం ఎలా

మా చిన్నవాడికి రెండో తరగతిలో ప్రతి ఆదివారం సాయంత్రం కడుపునొప్పి వచ్చేది. డాక్టర్‌కి చూపిస్తే ఏమీ లేదన్నారు. సోమవారం స్కూల్లో పైకి చదవాల్సిన పేజీల భయమే ఆ నొప్పి అని నాకు అర్థమయ్యేసరికి ఒక ఏడాది గడిచిపోయింది. ఆ ఏడాదిలో టీచర్‌తో కనీసం నాలుగుసార్లు మాట్లాడాను. పిల్లల్ని దింపే కార్ల వరుసలో, పేరెంట్ టీచర్ కాన్ఫరెన్స్‌లో, రెండుసార్లు ఫోన్లో. ప్రతిసారీ "ఇంట్లో రెండు భాషలు కదా, కొంచెం టైమ్ ఇద్దాం" అన్నారు. నేనూ సరేనని వచ్చేశాను. నోటితో అడిగినదానికి గడువంటూ ఏదీ ఉండదని, తేదీ వేసి రాసి ఇస్తేనే స్కూలు లెక్క మొదలవుతుందని నాకప్పటికి తెలియదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. మా ఆఫీసులో ఏ సమస్యైనా మాటల్లో చెబితే అక్కడే ఆగిపోతుంది, టికెట్ వేస్తేనే కదులుతుంది. రోజూ పాటించే ఆ పద్ధతి నా బిడ్డ విషయంలో తోచలేదే అన్న బాధ ఇంకా ఉంది. ఆ ఏడాది మీకు పోకూడదని ఇది రాస్తున్నాను. స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే వైకల్యం వల్ల చదువులో ఇబ్బందిపడే బిడ్డకు స్కూలు ఉచితంగా ఇచ్చే ప్రత్యేక బోధన. అది అవసరమా అని తేల్చడానికి స్కూలు చేసే పరీక్షే ఎవాల్యుయేషన్. మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర. ఫెడరల్ చట్టం అందరికీ ఒకటే కానీ గడువులు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. నేను చెప్పే రోజుల లెక్క టెక్సాస్‌ది. మీ రాష్ట్రం లెక్క మీ విద్యాశాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

గుర్తించే బాధ్యత స్కూలుదే

అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లలందరికీ ఉచితంగా, తగిన చదువు అందాలని 1975లో చట్టం వచ్చింది. 1990 నుంచి దాన్ని ఐడియా (IDEA) చట్టం అంటున్నారు. అందులో చైల్డ్ ఫైండ్ అని ఒక నిబంధన ఉంది. తన పరిధిలో సాయం అవసరమైన పిల్లలు ఎవరున్నారో స్కూల్ డిస్ట్రిక్టే (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) వెతికి, గుర్తించి, పరీక్షించాలి. పిల్లవాడు ఏటా పై తరగతికి వెళ్తున్నా సరే, అనుమానం ఉంటే చూడాల్సిందే. ప్రైవేట్ స్కూల్లో చదివే పిల్లలకూ ఇది వర్తిస్తుంది, ఆ స్కూలు ఉన్న ప్రాంతపు డిస్ట్రిక్ట్ పరీక్ష చేయాలి. మూడేళ్లలోపు పిల్లలకైతే ఎర్లీ ఇంటర్వెన్షన్ అని వేరే విభాగం ఉంది, టెక్సాస్‌లో దాన్ని ఈసీఐ అంటారు. నేరుగా మీరే ఫోన్ చేయవచ్చు.

బాధ్యత స్కూలుదే అయినా చేతులు కట్టుకుని కూర్చోవద్దని చెప్పడానికి మా రాష్ట్రం అనుభవమే చాలు. 2004 నుంచి టెక్సాస్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక కొలత ఉండేది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ, టెక్సాస్ చట్టాన్ని పాటించలేదని తేల్చింది. ఆ కొలత ఇప్పుడు లేదు. కానీ అన్నేళ్లలో సాయం అందకుండానే పెద్దయిపోయిన పిల్లల సంగతి తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

మన వాళ్లలో చాలామంది పైకి చెప్పని భయం వీసా గురించి. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో, అదీ టెక్సాస్ నుంచి వెళ్లిన కేసే, ఇమ్మిగ్రేషన్ స్టేటస్ కారణంగా పిల్లలకు ప్రభుత్వ బడి చదువు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎవాల్యుయేషన్ ఫారాల్లో మీ వీసా ఏమిటని ఎవరూ అడగరు.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి

స్కూలుకు రాసే ముందు రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. అంతకంటే ఎక్కువ ఆగొద్దు. ఏ తేదీన, ఏ పని చేస్తూ, ఎంతసేపు, ఏం జరిగింది అన్నది రాయాలి. "చదవడంలో వెనకబడ్డాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నేను రాసుకున్నవి ఇలా ఉండేవి: ఇరవై నిమిషాల హోంవర్క్ గంటా పదిహేను నిమిషాలు పట్టింది. ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాశాడు. బొమ్మ చూసి ఊహించి చెబుతున్నాడు, బొమ్మను చేత్తో మూస్తే ఆగిపోయాడు. అదే కథ నేను చదివి వినిపిస్తే మొత్తం తిరిగి చెప్పాడు, నేను గమనించని విషయం కూడా చెప్పాడు.

ఇందులో మనలాంటి రెండు భాషల ఇళ్లకు ఒక్క విషయం మిగతా అన్నిటికంటే ముఖ్యం. ఇబ్బంది ఇంగ్లీషులోనే ఉందా, తెలుగులో కూడా ఉందా? కొత్త భాష నేర్చుకోవడం వల్ల వచ్చే తడబాటు ఆ భాషలో ఉంటుంది. అసలైన భాషా సమస్య, పలుకు సమస్య రెండింటిలోనూ కనిపిస్తుంది. మా వాడు మూడేళ్లప్పుడు బకెట్‌ను కబెట్ అనేవాడు, అందరం ముద్దుచేసేవాళ్లం. ఏడేళ్లొచ్చినా అమ్మమ్మతో ఫోన్లో మామిడికాయను మాడిమికాయ అన్నాడు. వారాల పేర్లు తెలుగులో ఎన్నిసార్లు చెప్పించినా బుధవారం తర్వాత ఏమిటో తట్టేది కాదు, ఇంగ్లీషులోనూ అంతే. వారాంతపు తెలుగు బడిలో క, కా, కి, కీ పైకి అప్పజెప్పేవాడు గానీ పలక మీద రాసి చూపిస్తే గుర్తుపట్టలేకపోయేవాడు. "ఇంట్లో రెండు భాషలు కదా" అన్న మాటకు జవాబు ఈ నాలుగు సంగతుల్లోనే ఉంది. నేను దాన్ని ఏడాది పాటు కళ్ల ముందు పెట్టుకుని చూడలేదు.

వేరే రకం సమస్యైనా పద్ధతి ఇదే. మాట ఆలస్యమైతే ఏ వయసులో ఏ మాటలు వచ్చాయో తెలుగు మాటలు కూడా కలిపి లెక్కపెట్టండి. పిల్లవాడికి తెలుగులో నలభై, ఇంగ్లీషులో ముప్పై మాటలు వస్తే, రెండు భాషల్లోనూ వచ్చేవి పోను మిగతావన్నీ కలిపి చూడాలి తప్ప ముప్పయ్యే లెక్కగా ఇవ్వకూడదు. నిలకడ లేకపోతే ఎన్ని నిమిషాలు కూర్చోగలిగాడో గడియారం చూసి రాయండి.

ఇంకొక మాట, తల్లులకు ముఖ్యంగా. హోంవర్క్‌లో మీరు సగం చేసి పంపుతుంటే అది కొన్నాళ్లు ఆపండి. నేను ప్రతి మాటా పక్కనుంచి అందించి పూర్తి చేయించి పంపేదాన్ని. టీచర్‌కు అన్నీ పూర్తయిన పేజీలే కనిపించేవి, వాడు పడే కష్టం కనిపించేది కాదు. వాడు చేయగలిగినంతే చేయించి, "ఇక్కడివరకు సొంతంగా, నలభై నిమిషాలు" అని పైన రాసి పంపండి.

స్కూలుకు మీరు రాసే ఈమెయిల్

టీచర్ కూడా పరీక్షకు పిల్లవాడి పేరు సూచించవచ్చు, కానీ తల్లిదండ్రులకు నేరుగా అడిగే హక్కు ఉంది. ఈమెయిల్ ప్రిన్సిపాల్‌కు, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు పంపండి, టీచర్‌కు కాపీ పెట్టండి. టెక్సాస్‌లో గడువు లెక్క మొదలవ్వాలంటే రాసిన అర్జీ డైరెక్టర్‌కో, డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేషన్ ఉద్యోగికో చేరాలి. టీచర్‌కు ఒక్కరికే పంపితే సరిపోకపోవచ్చు.

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. మొదటి వాక్యంలో బిడ్డ పేరు, పుట్టినతేదీ, తరగతి. రెండో వాక్యంలో అసలు సంగతి: ఐడియా చట్టం కింద నా బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత కోసం పూర్తి ఇండివిడ్యువల్ ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను. ఆ ఎవాల్యుయేషన్ అన్న మాట తప్పకుండా ఉండాలి. "సాయం చేయండి", "ఏదైనా టెస్ట్ చేయండి" అని రాస్తే స్కూలు దాన్ని ట్యూషన్ గ్రూపులో వేయమన్న కోరికగా తీసుకోవచ్చు. తర్వాత నోట్‌బుక్‌లోంచి నాలుగైదు సంగతులు. తర్వాత మీకున్న అనుమానాలన్నీ, చదవడం, రాయడం, మాట, ధ్యాస, ప్రవర్తన, ఏవైతే అవి. అనుమానం ఉన్న ప్రతి అంశంలోనూ పరీక్షించాలని చట్టమే చెబుతోంది కాబట్టి ఏదీ వదలొద్దు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని, రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉందని రాయండి. చివర, పరీక్షకు నా అనుమతి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, కన్సెంట్ ఫారం పంపండి అని ముగించి తేదీ వేయండి.

టెక్సాస్‌లో అర్జీ అందిన రోజు నుంచి 15 స్కూలు రోజుల్లో జవాబు రాతలో రావాలి. పరీక్ష చేస్తామంటే కన్సెంట్ ఫారం ఇస్తారు. చేయం అంటే ఎందుకు చేయరో కారణం రాసి, దాన్ని ప్రశ్నించే మీ హక్కుల పుస్తకం ఇవ్వాలి. కాలిఫోర్నియాలో మామూలుగా 15 రోజుల్లో పరీక్ష ప్లాన్ ఇవ్వాలి. న్యూజెర్సీలో 20 రోజుల్లో మీటింగ్ పెట్టాలి.

ఈ లోపల మీకు వినిపించే మాటలు కొన్ని ఉంటాయి. ముందు ఆర్‌టీఐ గ్రూపులో, అంటే వెనకబడిన పిల్లలకు అదనంగా బోధించే గ్రూపులో, ఆరు వారాలు చూద్దాం అంటారు. ఆ అదనపు బోధన మంచిదే, జరగనివ్వండి, కానీ దాన్ని సాకుగా చూపి ఎవాల్యుయేషన్‌ను వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలన్నిటికీ రాసింది. రెండూ పక్కపక్కనే నడవచ్చు. డాక్టర్ దగ్గర డయాగ్నసిస్ తెమ్మంటారు. మీ దగ్గర ఉంటే ఇవ్వండి, చూస్తారు. లేకపోతే మీ ఖర్చుతో తెచ్చేదాకా ఆపడానికి వీల్లేదు. మార్కులు బాగానే ఉన్నాయి అంటారు. ఆ మార్కుల వెనక ఇంట్లో ఎన్ని గంటలు పడుతున్నాయో మీ నోట్‌బుక్ చూపించండి.

మా ఇంట్లోనే ఇంకో రకం మాటలు వచ్చాయి. "మగపిల్లలు కాస్త ఆలస్యం" అని అత్తయ్య, "నాకూ అయిదో తరగతి దాకా చదువు రాలేదు" అని మా ఆయన. అత్తయ్యది ప్రేమ, కాదనను. ఆయన మాట మాత్రం స్కూల్ సైకాలజిస్ట్‌కి చాలా ఉపయోగపడింది. చదవడంలో ఇబ్బంది కుటుంబాల్లో వస్తుంటుంది, ఫారంలో ఆ వివరం అడుగుతారు. దాచకుండా రాయండి.

సంతకం పెట్టేముందు

కన్సెంట్ ఫారంలో ఏయే అంశాల్లో పరీక్షిస్తారో ఉంటుంది. మీరు ఈమెయిల్‌లో రాసినవన్నీ అందులో ఉన్నాయో లేదో చూడండి. మాది వచ్చినప్పుడు చదవడం ఉంది, భాష లేదు. అడిగితే చేర్చారు.

చాలామంది ఈ సంతకం దగ్గర ఆగిపోతారు, పెడితే పిల్లవాడిని వేరే క్లాసులో వేసేస్తారని. పరీక్షకు ఇచ్చే అనుమతి పరీక్షకే. సర్వీసులు మొదలుపెట్టాలంటే ఇంకోసారి విడిగా మీ సంతకం కావాలి. అది కూడా తర్వాత ఎప్పుడైనా రాసి వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది పిల్లలు రోజులో ఎక్కువభాగం మామూలు క్లాసులోనే ఉంటారు, చట్టం కూడా వీలైనంతవరకు అలాగే ఉంచమంటుంది. స్కూలు రికార్డులకు ఫెర్పా చట్టం రక్షణ ఉంది. మీ పక్కింటివాళ్లకు గానీ, తెలుగు సంఘంలో ఎవరికి గానీ మీరు చెబితే తప్ప తెలిసే వీల్లేదు.

సంతకం అయ్యాక ఫెడరల్ గడువు 60 రోజులు, రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అది వర్తిస్తుంది. టెక్సాస్‌లో 45 స్కూలు రోజుల్లో రిపోర్ట్ రావాలి. స్కూలు రోజులు అన్న మాట గుర్తుంచుకోండి. సెలవులు లెక్కలోకి రావు, క్యాలెండర్ మీద అది రెండు నెలలు దాటిపోతుంది. బిడ్డ మూడు రోజులో అంతకంటే ఎక్కువో స్కూలు మానితే ఆ రోజులు కూడా గడువుకు కలుస్తాయి. ఆ టైమ్‌లో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు.

పరీక్షలు జరిగే రోజులు

కళ్లు, చెవులు సరిగ్గా ఉన్నాయో ముందు చూస్తారు. తర్వాత స్కూలు సమయంలోనే కొన్ని సిట్టింగులు ఉంటాయి. మా వాడికి మూడు వారాల్లో అయిదు పడ్డాయి. టెక్సాస్‌లో చదువుకు సంబంధించిన పరీక్షలు ఎక్కువగా ఎడ్యుకేషనల్ డయాగ్నస్టీషియన్ చేస్తారు, మాటకు స్పీచ్ థెరపిస్ట్, ప్రవర్తనకు స్కూల్ సైకాలజిస్ట్. ఒక్క పరీక్షతోనే నిర్ణయం తీసుకోకూడదన్నది నియమం. ఆలోచనాశక్తికి విస్క్ లాంటివి, చదువుకు వుడ్‌కాక్ జాన్సన్ లాంటివి, శబ్దాలను విడదీయడానికి సీటాప్ లాంటివి వాడతారు. చివరిదాంట్లో ఒక మాటలోంచి ఒక శబ్దం తీసేసి చెప్పమంటారు, అర్థంలేని మాటలు విని తిరిగి చెప్పమంటారు, అక్షరాలూ అంకెలూ గబగబా పేర్లు చెప్పమంటారు. మా వాడు తలకిందులైంది అక్కడే. ఎవరో ఒకరు క్లాసులో కూర్చుని కూడా గమనిస్తారు.

పిల్లవాడికి ముందురోజు ప్రాక్టీస్ చేయించవద్దు. యూట్యూబ్‌లో నమూనాలు చూపించవద్దు. పరీక్ష వాడి అసలు స్థితిని చూడాలి. "కొన్ని సులువుగా ఉంటాయి, కొన్ని కష్టం, తెలియకపోతే తెలియదని చెప్పు, నీకు ఎలా నేర్పితే బాగుంటుందో వాళ్లు తెలుసుకుంటారు" అని నేను చెప్పాను. వాడు "ఇది ఫెయిల్ అయ్యేదా?" అని అడిగాడు. కాదన్నాక ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

మీకు కూడా ఫారాలు వస్తాయి, ఇంటర్వ్యూ ఉంటుంది. మనవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు, పరువు కోసం "అప్పుడప్పుడు" అని టిక్ పెడతారు. ప్రతిరోజూ జరిగితే ప్రతిరోజూ అనే పెట్టండి. బట్టలు వేసుకోవడం, తినడం గురించి అడిగితే చేయగలడా అని కాకుండా సొంతంగా చేస్తున్నాడా అని ఆలోచించి రాయండి. మనం తినిపిస్తుంటాం, బట్టలు తొడుగుతుంటాం. అది మన పెంపకం పద్ధతి అయితే అదీ పక్కన రాయండి, లేకపోతే వాడికి చేతకాదని అనుకుంటారు.

భాష విషయంలో చట్టం గట్టిగానే ఉంది. వీలైనంతవరకు పిల్లవాడికి తెలిసిన భాషలో, వాడి సామర్థ్యం సరిగ్గా బయటపడే తీరులో పరీక్షించాలి. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే ప్రధాన కారణమైతే వైకల్యం అని నిర్ణయించకూడదు. తెలుగులో తయారైన పరీక్ష అక్కడ దొరుకుతుందని ఆశపెట్టుకోకండి, కానీ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగవచ్చు. బిడ్డను ఎక్కువగా చూసుకునేది అమ్మమ్మో నానమ్మో అయితే వాళ్లతో తెలుగులో మాట్లాడమని కోరండి. తెలుగు పలుకుబడి వల్ల వచ్చే తేడాలు, వి, డబ్ల్యూ ఒకేలా పలకడం లాంటివి, లోపంగా లెక్కపెట్టకూడదు. నేను స్పీచ్ థెరపిస్ట్‌కి ఆ సంగతి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ నిజంగా సంతోషించారు.

రిపోర్ట్ చదవడం

రిపోర్ట్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీటింగ్‌లో చేతికిస్తే ఏమీ ఎక్కదు, కాబట్టి కనీసం వారం ముందు పంపమని ఇప్పుడే అడిగి పెట్టండి. ఎక్కువ పరీక్షల్లో సగటు 100. 85 నుంచి 115 మధ్య మూడింట రెండొంతుల మంది పిల్లలు ఉంటారు. పర్సంటైల్‌ను మార్కుల శాతం అనుకోవద్దు, నేనూ మొదట అలాగే అనుకుని కంగారుపడ్డాను. 16వ పర్సంటైల్ అంటే 100 మంది ఆ వయసు పిల్లల్లో 16 మంది కంటే మెరుగ్గానో సమానంగానో చేశాడని, స్కోరు 85 అని. చిన్న భాగాల స్కోర్లకు సగటు 10. ప్రవర్తన ఫారాల్లో సగటు 50, అక్కడ సమస్యల వరుసలో ఎక్కువ వస్తే ఆందోళన.

మొత్తం స్కోరు చూసి ఆగిపోవద్దు, విడివిడిగా చూడండి. మా వాడికి ఆలోచనాశక్తి 112. శబ్దాలను విడదీయడం 76. మాటలు చదవడం 79. ఈ మూడూ కలిపి సగటు వేస్తే మధ్యరకం పిల్లవాడిగా కనిపిస్తాడు. విడిగా చూస్తే, అన్నీ అర్థమవుతూ కాగితం మీద అక్షరాలు మాత్రం లొంగని పిల్లవాడు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఏడ్చాను. బద్ధకం అని వాడిని తిట్టిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి.

మీటింగ్

రిపోర్ట్ తర్వాత అర్హత తేల్చే మీటింగ్ ఉంటుంది. టెక్సాస్‌లో దాన్ని ఆర్డ్ అంటారు, మిగతా చోట్ల ఐఈపీ (బిడ్డకు విడిగా వేసే చదువు ప్లాన్) మీటింగ్ అంటారు. రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. చట్టంలోని 13 రకాల వైకల్యాల్లో ఏదైనా ఉందా? దానివల్ల స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమా? డిస్లెక్సియా, అంటే మాటలు చదవడంలో ఇబ్బంది, నేర్చుకోవడంలో నిర్దిష్ట వైకల్యం కింద వస్తుంది, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, నిలకడ లేకపోవడం, ఎక్కువగా ఇతర ఆరోగ్య సమస్యల కింద వస్తుంది. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని తేలితే 504 ప్లాన్ అడగండి. అది 1973 నాటి వేరే చట్టం. పరీక్షలో అదనపు సమయం, ముందు వరుసలో కూర్చోబెట్టడం లాంటివి దానికింద వస్తాయి.

మీటింగ్‌కు ఒంటరిగా వెళ్లకండి. భార్యాభర్తలిద్దరూ వెళ్లండి, ఒకరు మాట్లాడుతుంటే ఒకరు రాసుకోండి. బిడ్డ గురించి తెలిసిన ఎవరినైనా తీసుకెళ్లే హక్కు కూడా ఉంది. ఇంగ్లీషు ఉద్యోగానికి సరిపోయినా ఆ గదిలో సరిపోదనిపిస్తే ఇంటర్‌ప్రెటర్‌ను ముందే అడగండి, మొహమాటం వద్దు. ఒప్పుకోలేని చోట అక్కడికక్కడే సంతకం పెట్టనక్కర్లేదు. టెక్సాస్‌లో మీటింగ్ ఆపి 10 స్కూలు రోజుల్లోపు మళ్లీ కూర్చునే అవకాశం ఇస్తారు.

రిపోర్టే తప్పనిపిస్తే, స్కూలు ఖర్చుతో బయటి నిపుణుడి దగ్గర ఇండిపెండెంట్ ఎవాల్యుయేషన్ కావాలని రాసి అడగండి. స్కూలు ఒప్పుకుని డబ్బు కట్టాలి, లేదా తన రిపోర్ట్ సరైనదేనని హియరింగ్‌లో, అంటే అధికారిక విచారణలో, నిరూపించుకోవాలి. ఏమీ చేయకుండా కూర్చోవడం కుదరదు. ఇక్కడిదాకా వస్తే మీ రాష్ట్రంలోని పేరెంట్ ట్రైనింగ్ సెంటర్‌కు ఫోన్ చేయండి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒకటి ఉంటుంది, డబ్బు తీసుకోరు. టెక్సాస్‌లో స్పెడ్‌టెక్స్ అన్న సమాచార కేంద్రం కూడా ఉంది.

మా వాడికి అర్హత వచ్చింది. ఇప్పుడు అయిదో తరగతి, రోజూ ముప్పావుగంట విడిగా చదువు నేర్పుతారు, మిగతా రోజంతా తన క్లాసులోనే. కనీసం మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి కాబట్టి ఈ ఏడాది మాకు రీఎవాల్యుయేషన్. నోట్‌బుక్ మళ్లీ తీశాను. ఈసారి మొదటి పేజీ వాడే రాస్తానన్నాడు.